రెండాకుల నాడే నిర్ణయం

(అడగకుండా మొలిచే చెట్లను గురించి బెంగళూరులో జరిగిన ఒక వార్డు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెట్లు నాటండి అని చెప్పే సభలకు మన నగరంలో కొదవ లేదు. నేడు నేను మాట్లాడవలసిన విషయం దానికి కొంత భిన్నమైనది. మనం నాటకుండానే మన పెరట్లో, మిద్దె మీద, ప్రహరీ గోడ పగుళ్లలో వాటంతట అవే మొలిచే చెట్ల గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. అనంతపురం జిల్లా నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చి, ముప్పై–నలభై సైటులో ఇల్లు కట్టుకొని, చుట్టూ మిగిలిన నాలుగడుగుల మట్టిలో తోట పెంచుకొంటున్న సామాన్యుణ్ణి. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. నేనొక పొరపాటు చేశాను, దానికి మూల్యం చెల్లించాను. ముందు దానిని మీకు చెప్పి, ఆ తరువాత నేర్చుకొన్నది మనవి చేస్తాను.

మేము ఇల్లు కట్టి పాతికేళ్లు దాటింది. కట్టిన మూడేళ్లకు మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన, పిట్టగోడ మూలలో ఒక రావి మొలక లేచింది. రెండే రెండు ఆకులు. తీసివేయబోతే మా అమ్మ వారించింది. “రావి మొక్కను పీకకూడదు నాయనా, పాపమొస్తుంది” అన్నది. అమ్మ మాట కాదనలేక, మొలకను అక్కడ ఉండనీయలేక నేనొక మధ్యేమార్గం కనిపెట్టాను. ఏటా దీపావళికి ముందు ఇల్లు దులిపే రోజున కత్తెరతో దాని తల కత్తిరించేవాణ్ణి. వేరు ముట్టలేదు కాబట్టి అమ్మకు తృప్తి. పైకి కనిపించదు కాబట్టి నాకు తృప్తి. ఇలా ఏడేళ్లు గడిచాయి.

ఏడో ఏట వానలకు పడకగది పైకప్పు చెమ్మగిల్లింది. సున్నం పెచ్చులుగా రాలింది. తాపీమేస్త్రీ వచ్చి పిట్టగోడ విప్పి చూపించాడు. పైన ఉన్నది పెన్సిలంత కొమ్మ. లోపల ఉన్నది నా బొటనవేలికి రెండింతల లావున్న వేరు. అది ఇటుక వరుసకూ స్లాబుకూ నడుమ ఆరడుగుల దూరం పాకి ఉంది. అక్కడి గోడనంతా తీసి మళ్లీ కట్టవలసి వచ్చింది. మేస్త్రీ ఆ వేరును ముక్కలు ముక్కలుగా లాగి పారవేస్తుంటే అమ్మ చూస్తూ నిలబడింది. ఆమె అన్న మాట నేను మరువలేదు. “ఆనాడే తీసి మట్టిలో పెట్టి ఉంటే బతికిపోయేది కదరా. ఏడేళ్లు దాని గొంతు కోస్తూ వచ్చాం.”

నేను చెప్పదలచినదంతా ఆ మాటలోనే ఉంది. మొలక రెండాకులతో ఉన్ననాడు మన ముందు మూడు దారులుంటాయి. దానిని అక్కడే ఉంచవచ్చు, తగిన చోటికి తరలించవచ్చు, లేదా తీసివేయవచ్చు. మూడింటిలో ఏది చేసినా పది నిమిషాల పని. ఆలస్యం చేసిన కొద్దీ ఆ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. చివరికి మిగిలేది గొడ్డలి ఒక్కటే. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను మనం పిల్లల పెంపకానికి తరచుగా వాడుతాం. అసలు మొక్క విషయంలోనే దానిని మరచిపోతాం.

ఈ మొలకలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మొదట తెలుసుకోవాలి. రావి, మర్రి, మేడి, జువ్వి ఒకే కుటుంబానికి చెందినవి. వాటి పండును విప్పి చూస్తే లోపల ఆవగింజ కన్నా చిన్న విత్తనాలు వందల కొద్దీ ఉంటాయి. కోకిల, గోరువంక, పిగిలిపిట్ట, కంసాలి పిట్ట ఆ పండ్లను తిని మన పిట్టగోడ మీద, కేబుల్ తీగ మీద వాలుతాయి. రాత్రిపూట గబ్బిలాలు అదే పని చేస్తాయి. రెట్టతో పడిన విత్తనానికి మట్టి కూడా అక్కర లేదు. గోడ పగులులో కాస్త దుమ్ము, కొంత చెమ్మ ఉంటే చాలు. అడవిలో ఈ జాతులు మరో చెట్టు కొమ్మ మీద మొలిచి, వేళ్లు కిందికి దింపి పెరగగలవు. వాటి దృష్టిలో మన మూడంతస్తుల ఇల్లు కూడా ఒక చెట్టే.

వేప గింజలను కాకులు, ఇతర పక్షులు మోసుకొస్తాయి. వేప విత్తనానికి ఆయుష్షు తక్కువ. పండు రాలిన కొద్ది వారాల్లో మొలవకపోతే అది చచ్చిపోతుంది. అందుకే తొలకరి తరువాత వేప మొలకలు గుంపులుగా కనిపించి, ఆపైన తగ్గిపోతాయి. సుబాబుల్ సంగతి వేరు. దాని గింజ పైతోలు గట్టిది, మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోగలదు. ఒక కాయలో పదిహేను ఇరవై గింజలుంటాయి. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ చెట్టును పశుగ్రాసానికీ వంటచెరకుకూ పనికివస్తుందని ఒకప్పుడు మన దేశంలో ఎంతో ప్రోత్సహించారు. నేడు అది ప్రపంచంలోని నూరు అతి హానికర ఆక్రమణ జాతుల పట్టికలో ఉంది. మన వీధుల్లో ఎర్రగా పూసే స్పాథోడియా కూడా ఆ పట్టికలోనిదే. దాని మొగ్గను నొక్కితే నీళ్లు చిమ్ముతాయని పిల్లలందరికీ తెలుసు. దాని విత్తనాలు పల్చని రెక్కలతో గాలికి ఎగిరి మన కుండీల్లో దిగుతాయి. ఇక కన్నడిగులు గసగసె హణ్ణు అని పిలిచే సింగపూర్ చెర్రీని పక్షులు, గబ్బిలాలు ఇంటింటికీ పంచుతాయి.

మరికొన్నింటిని మనమే తెచ్చుకొంటాం. వంటింటి చెత్తతో చేసిన ఎరువులో మామిడి టెంకలు, పనస గింజలు, బొప్పాయి, సీతాఫలం గింజలు బతికే ఉంటాయి. కొన్న ఎర్రమట్టిలోను, పశువుల ఎరువులోను గింజలు వస్తాయి. మామిడి మొలకను చూసి, మనం తిన్న బంగినపల్లి మళ్లీ కాస్తుందని ఆశపడేవారు చాలామంది ఉన్నారు. టెంక నుంచి వచ్చిన బంగినపల్లి చెట్టు అదే పండునిస్తుందన్న భరోసా లేదు. ఆ రుచి కావాలంటే అంటుమొక్క తెచ్చుకోవలసిందే.

మొలకను గుర్తుపట్టడం పెద్ద విద్య కాదు. రావి ఆకు హృదయాకారంలో ఉండి కొన తోకలా సాగుతుంది. మర్రి ఆకు దళసరిగా ఉంటుంది. రెంటిలో దేనిని తుంచినా పాలు కారుతాయి. వేపకు రంపపు అంచుల చిట్టాకులు, చేదు వాసన ఉంటాయి. సుబాబుల్‌ను చూసి చింత అనుకొని ముచ్చటపడి పెంచినవారిని నేనెరుగుదును. నాలుగైదు ఆకులు వచ్చేదాకా చూస్తే తేడా తెలుస్తుంది. చింతాకులో ఒకే ఈనెకు ఇరువైపులా చిట్టాకులు ఉంటాయి. సుబాబుల్ ఆకు పాయలు పాయలుగా చీలి, ప్రతి పాయకూ చిట్టాకులు ఉంటాయి. గసగసె హణ్ణు మొక్క ఆకు మెత్తని నూగుతో, చేతికి కొంచెం జిగటగా తగులుతుంది. కానుగ ఆకు నున్నగా మెరుస్తుంది. కన్నడంలో హొంగె అనే ఈ చెట్టు మన వీధుల్లో ధారాళంగా ఉంది కాబట్టి, కాయలు రాలిన చోటల్లా దాని మొలకలు కనిపిస్తాయి.

గుర్తుపట్టిన తరువాత వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఈ మొక్క పెద్దదైతే ఈ చోటు దానికి చాలునా? ఈ ప్రశ్నకు మన మనసు కాదు, కొలతలు జవాబు చెప్పాలి. బెంగళూరుకు పడమటగా రామోహళ్లి దగ్గర దొడ్డ ఆలద మర ఉంది. మనలో చాలామంది పిల్లలను తీసుకొని వెళ్లి చూసే ఉంటారు. ఆ ఒక్క మర్రి సుమారు మూడెకరాల నేలను కమ్ముకొని ఉంది. ముప్పై–నలభై సైటు పన్నెండు వందల చదరపు అడుగులు. అంటే ఆ ఒక్క చెట్టు కింద మన సైట్లు నూరుకు పైగా పడతాయి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అంతకన్నా పెద్దది. దాదాపు అయిదెకరాల మేర విస్తరించిన ఆ మాను పేరు 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అలాంటి వంశానికి చెందిన బిడ్డ మన సంపు మూత పక్కన మొలిచిందంటే, అక్కడే ఉంచడం దానికీ మేలు కాదు, మనకూ మేలు కాదు.

రావి, మర్రి, జువ్వి, నిద్రగన్నేరు, తురాయి వంటి మహావృక్షాలు సైటు ఇళ్లకు తగవు. సుబాబుల్, స్పాథోడియా మొలకలను ఏ మొహమాటమూ లేకుండా తీసివేయవచ్చు. వాటిని మరో చోట నాటడం కూడా మంచిది కాదు. వేప, నేరేడు, కానుగ, చింత మంచి చెట్లే గాని వాటికి విశాలమైన చోటు కావాలి. చిన్న పెరటికి కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, పారిజాతం, నందివర్ధనం సరిపోతాయి. కరివేపాకు మొలకలను మాత్రం దయచేసి పారవేయకండి. వేరు పిలకలుగాను, పక్షులు వేసిన గింజలుగాను వచ్చే ఆ మొక్కలు కావాలనేవారు ఈ సభలోనే పదిమంది ఉంటారు.

ఇప్పుడు తీసే పద్ధతి చెబుతాను. మట్టిలో మొలిచిన దానిని తీయడానికి వాన కురిసిన మరునాడు మంచి సమయం. వాన లేకపోతే ముందు రోజు సాయంత్రం బాగా నీళ్లు పోయండి. కాడను మొదట్లో, నేలకు ఆనించి పట్టుకొని నిలువుగా పైకి లాగాలి. పక్కకు వంచి గుంజితే తల్లివేరు తెగి లోపల ఉండిపోతుంది. సుబాబుల్ అలా తెగిన చోటి నుంచి రెట్టింపు బలంతో చిగురిస్తుంది. జానెడు దాటిన మొక్కకు చుట్టూ తవ్వుగోలతో మట్టి వదులు చేసి, వేరుతో సహా తీయాలి. మోకాలి ఎత్తు దాటితే పార, గునపం పట్టవలసిందే. పై నుంచి కత్తిరించి ఊరుకోవడం తీయడం కాదు. నా ఏడేళ్ల కత్తెర మీకు గుర్తుండాలి.

గోడలో మొలిచిన దానికి ఓపిక కావాలి. అక్కడ లాగితే కాడ చేతికి వస్తుంది, వేరు గోడలో ఉంటుంది. చుట్టూ ఉన్న ప్లాస్టరును చిన్న ఉలితో వదులు చేసి, వేరు చివరిదాకా బయటికి తీయాలి. తరువాత ఆ సందును శుభ్రంచేసి, తడిపి, గచ్చుతో మూసివేయాలి. పాత సున్నపు గోడ అయితే సున్నపు గచ్చే వాడటం మంచిది. వేరు లోతుకు వెళ్లిపోయి పూర్తిగా రాకపోతే, కనిపించిన చిగురునల్లా వెంటనే తుంచుతూ ఉండాలి. వారానికొకసారి, విడవకుండా. ఆకు లేనిదే వేరుకు తిండి లేదు. నిల్వ ఉన్న బలమంతా అయిపోయేదాకా ఈ పని సాగాలి. ఏడాదికొకసారి తుంచితే అది శిక్ష కాదు, పోషణ. మిగిలిన పదకొండు నెలలు అది హాయిగా తింటుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం మనవి చేస్తాను. వేరు గట్టి గోడను తానై పగలగొట్టదు. ముందే ఉన్న పగులును వెతుక్కొని అందులో దూరి, లావెక్కి, ఆ పగులును పెద్దది చేస్తుంది. కాబట్టి గోడలో మొలక కనిపించిందంటే అక్కడ రెండు లోపాలున్నాయని అర్థం. ఒకటి పగులు, రెండు చెమ్మ. పైపు కీలు కారుతూ ఉండవచ్చు, వాననీటి గొట్టం ఆకులతో పూడిపోయి ఉండవచ్చు, ట్యాంకు పొంగుతూ ఉండవచ్చు. మొలకను తీసి ఆ కారణాన్ని వదిలివేస్తే వచ్చే వానలకు మరో మొలక అక్కడే లేస్తుంది. ఆ రకంగా చూస్తే గోడలోని మొలక మనకు ఉచితంగా దొరికిన మేస్త్రీ. ఎక్కడ మరమ్మతు కావాలో వేలు పెట్టి చూపిస్తుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఆసిడ్ పోయడం, కిరసనాయిలు పోయడం, ఉప్పు దట్టించడం మన ఇళ్లలో తరచు చూస్తాం. ఆసిడ్ గచ్చును తినివేస్తుంది, ఉప్పు ఇనుప కమ్మీలకు తుప్పు పట్టిస్తుంది, కిరసనాయిలు మట్టిని పాడుచేస్తుంది. వేరులో ఇంగువ పెడితే చెట్టు చస్తుందని మన పెద్దలు చెప్పేవారు. దానిని నమ్ముకొని ఊరుకోవడం కన్నా ఉలి పట్టడం మేలు. సంపు దగ్గర, బావి దగ్గర, పిల్లలు ఆడే చోట కలుపుమందులు చల్లకండి. రావి, మర్రి పాలు చర్మానికీ కళ్లకూ మంట పెట్టవచ్చు కాబట్టి చేతులకు తొడుగులు వేసుకోండి. పిట్టగోడ బయటివైపు మొలచిన దానికోసం వంగి ప్రాణం మీదికి తెచ్చుకోకండి. ఆ పనిని అలవాటున్న మేస్త్రీకి అప్పగించండి.

ఈ బాధ ఎందుకని పెరడంతా సిమెంటు పరచివేసే ఆలోచన కొందరికి వస్తుంది. 2024 వేసవిలో మన నగరంలో బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం వీధుల్లో ఎదురుచూసిన రోజులు మనకింకా గుర్తున్నాయి. ఇంటి చుట్టూ మిగిలిన ఆ నాలుగడుగుల మట్టే మన స్థలంలో వాననీటిని తాగగలిగిన చోటు. మొలకలు తగ్గాలంటే సిమెంటుకు బదులు రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. వెలుతురు అందక చాలా గింజలు మొలవవు, మొలిచినా సులభంగా ఊడివస్తాయి. పెరట్లో ముందే సుబాబుల్ ఉంటే కాయలు ముదిరి పగలకముందే కోసివేయండి. తీసిన లేత మొలకలను వేళ్లు పైకి ఉండేలా ఎండలో పరిస్తే అవే ఎరువవుతాయి. ముదిరిన కాయలున్న కొమ్మలను మాత్రం ఎరువు గుంటలో వేయకండి.

ఇక తరలించే మాట. రావి మొక్కను పీకడానికి మన చేయి ఆడదు. ఆ భక్తిని నేను తప్పు పట్టను. దానికి నిజమైన ఆధారం ఉంది. రావి, మర్రి, మేడి చెట్లలో ఏదో ఒకటి ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పండుతూనే ఉంటుంది. ఇతర పండ్లు దొరకని రోజుల్లో పక్షులనూ గబ్బిలాలనూ బతికించేవి అవే. మన ఊళ్లలో రావికీ వేపకూ పెళ్లి చేస్తాం. ఇక్కడి అశ్వత్థకట్టెల మీద కూడా ఆ రెండు చెట్లూ జంటగా కనిపిస్తాయి, వాటి నీడలో నాగశిలలు ఉంటాయి. పేరు కట్టె అయినా, మన రచ్చబండ అయినా, భావం ఒక్కటే. అయితే మన పెద్దలు ఆ చెట్టును పిట్టగోడ మీద పెంచలేదని గమనించాలి. ఊరి నడుమ, చెరువు ఒడ్డున, దాని స్థాయికి తగిన చోటిచ్చి పెంచారు. చోటివ్వకుండా కేవలం పీకకుండా ఉండటం భక్తి కాదు, వాయిదా వేయడం.

కాబట్టి రావి మొలకను నాలుగైదు ఆకుల దశలో, వానాకాలపు సాయంత్రం, దొరికినంత వేరుతో తీయండి. మట్టి, ఇసుక, ఎరువు కలిపిన సంచిలో నాటి, రెండు మూడు వారాలు నీడలో ఉంచి తడి ఆరకుండా చూడండి. అది మొండి జాతి, చాలావరకు బతుకుతుంది. నడుమెత్తు పెరిగేదాకా కుండీలో పెంచి, ఆ తరువాత చోటు వెతకండి. చెరువు గట్టు గాని, ఉద్యానవనం గాని మన సొంతం కాదు. సంబంధిత అధికారులను అడిగి, వారు చూపిన చోటనే నాటాలి. చీకట్లో వెళ్లి గుచ్చి వచ్చిన మొక్క బతకదు, బతికినా మరొకరికి సమస్య అవుతుంది.

ఇక చట్టం మాట. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం అమలులో ఉంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నా, సొంత స్థలంలోని చెట్టునైనా నరకాలంటే సాధారణంగా వృక్షాధికారి అనుమతి కావాలి. మన ఊళ్లలో వాల్టా అని పిలిచే 2002 నాటి చట్టం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. చెట్టయ్యాక ఇల్లు చీలిపోతోందని అర్జీ పెట్టుకొని, అధికారులు వచ్చి చూసి అనుమతి ఇచ్చేదాకా ఆగాలి. ఆగలేక రాత్రికి రాత్రే నరికించడమో, బెరడు ఒలిచి చంపడమో చేస్తే అది నేరం. చట్టం కఠినంగా ఉన్నదని నొచ్చుకోవడం న్యాయం కాదు. పదేళ్లు చెట్టును పెరగనిచ్చినవారం మనమే. రెండాకుల నాడు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

అద్దె ఇళ్లలో ఉన్నవారికి ఒక మాట. ఇల్లు మనది కాదు గదా అని గోడలోని మొలకను చూసి చూడనట్లు వదిలివేయకండి. ఫొటో తీసి ఇంటి యజమానికి పంపండి. పైకప్పు కారేది ఆయన ఇంటికే అయినా, తడిసేది మన పుస్తకాలు, మన పరుపులు. అపార్టుమెంటులో ఉన్నవారు సంఘానికి చెప్పి, ఏడాదికి రెండుసార్లు మిద్దె, గొట్టాలు, బయటి గోడలు చూడటానికి ఏర్పాటు చేయించండి.

పొరుగువారితో వ్యవహారం మరింత సున్నితమైనది. ఉమ్మడి గోడలో మొలక లేస్తే, ఎవరి వైపు నుంచి వచ్చిందన్న వాదన మొదలవుతుంది. వాదన ముగిసేసరికి మొలక మానవుతుంది. మా పక్కింటి కన్నడ కుటుంబంతో మేము చేసుకొన్న ఏర్పాటు చెబుతాను. మొదట చూసినవారు రెండో ఇంటివారిని పిలిచి చూపిస్తారు. ఇద్దరం కలిసి తీస్తాం, గచ్చు ఖర్చు సగం సగం పంచుకొంటాం. వారి పెరట్లో లేచిన కరివేపాకు మొక్క మా ఇంటికి వచ్చింది, మా నేరేడు మొక్క వారి ఊరి తోటకు వెళ్లింది. ఫిర్యాదు పట్టుకొని వెళ్లేచోటికి మొక్క పట్టుకొని వెళితే మాట తేలికగా సాగుతుంది.

ఎప్పుడు చూడాలంటే, సంవత్సరానికి మూడుసార్లు చాలు. మే నెల జల్లుల తరువాత ఒకసారి, ఆగస్టులో ఒకసారి, దీపావళి దాటాక ఈశాన్య రుతుపవనపు వానలు తగ్గుముఖం పట్టినప్పుడు ఒకసారి. నీళ్ల ట్యాంకు అడుగు, పిట్టగోడ మూలలు, వాననీటి గొట్టాల మొదళ్లు, సంపు మూత అంచులు, ప్రహరీ లోపలా బయటా, కుండీల అడుగుభాగాలు చూడాలి. అరగంట పని. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. వారి కళ్లకు మనకన్నా ముందు కనిపిస్తాయి. పైగా మొక్కల పేర్లు తెలుగులోనూ కన్నడంలోనూ నేర్చుకొంటారు.

చివరగా, మొదట చెప్పిన కథకు ముగింపు ఉంది. గోడ మళ్లీ కట్టిన రెండేళ్లకు సంపు అంచున మరో రావి మొలక లేచింది. ఈసారి చూసింది అమ్మే. నన్ను పిలిచి, తాను చెంబుతో నీళ్లు తెచ్చి దాని మొదట్లో పోసింది. దండం పెట్టుకొని, “మంచి చోటికి పోదాం రా తల్లీ” అన్నది. ఆ తరువాత, “తియ్యి” అని నాతో అన్నది. తీశాను. రెండు వానాకాలాలు అది మా గుమ్మం పక్క కుండీలో పెరిగింది. ఊరికి వెళ్లినప్పుడు కారులో తీసుకువెళ్లి, ఊరి పెద్దలను అడిగి చెరువు గట్టు మీద నాటాం. అమ్మ ఇప్పుడు లేదు. ఆ చెట్టు ఉంది. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు దాని నీడలో ఇద్దరు ముసలివాళ్లు కూర్చొని మాట్లాడుకొంటున్నారు. మా మిద్దె మీద, మొదటి మొలక లేచిన చోట, రంగు కలవని గచ్చు మచ్చ మాత్రం మిగిలింది.

ఆ రెండు మొలకలలో జాతి భేదం లేదు. ఒకదానిని సరైన నాడు తీశాం, మరొకదానిని తీయలేదు. అంతే తేడా.

ఇంటికి వెళ్లాక ఒకసారి మిద్దె ఎక్కి చూడండి.